కోట కథలో లేని పిల్ల

మధ్యాహ్న భోజనం గంట కొట్టి అరగంట కాలేదు, వరంగల్‌లోని ఆ సర్కారు బడి మైదానంలో యుద్ధం మొదలైంది. పొడుగు స్కేళ్ళు కత్తులు, అన్నం ప్లేట్లు డాళ్ళు. ఏడో తరగతి పిల్లలు వంటగది గోడను ఓరుగల్లు కోట చేసుకుని, సగం మంది లోపల, సగం మంది బయట నిలబడి గొంతులు చించుకుంటున్నారు. బయటి సైన్యానికి సర్దారు మహెక్. చున్నీని తలపాగాలా చుట్టుకుని, స్కేలు ఊపుకుంటూ గోడ మీదికి ఉరికింది. లోపలివాళ్ళు ఆమెను పట్టుకుని, కింద పడేసి, ఉత్తుత్తిగా పొడిచి ఎగిరి గంతులేశారు. మహెక్ కూడా నవ్వుతూనే చచ్చిపోయింది.

వరండాలో నిలబడి చూస్తున్న తెలుగు సారు యాకయ్యకు ఒళ్ళు పులకరించింది. ఎందుకు పులకరించదు? ఆ ఆట ఆయన రాసిన నవలలోది! ఏడువందల ఏళ్ళ కిందటి ఓరుగల్లులో మైలమ, కాటయ, ప్రోలయ, రుద్రి అనే నలుగురు పిల్లల కథ అది. అయ్యవారి దగ్గర పాఠం ఎగ్గొట్టి మామిడికాయలు దొంగిలించే ఆ పిల్లలు, ఢిల్లీ సైన్యం వచ్చి కోటను చుట్టుముట్టాక ఏం చేశారన్నది అసలు సంగతి. రెండేళ్ళు కష్టపడి రాశాడు. ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో ఒక్కో అధ్యాయం పిల్లలకు చదివి వినిపిస్తున్నాడు. బాలల దినోత్సవం నాటికి అచ్చు వేయించాలని, సభలో మొదటి అధ్యాయం మహెక్ చేత చదివించాలని ఆయన కోరిక. తరగతిలో అంత స్పష్టంగా తెలుగు చదివే పిల్ల మరొకరు లేరు.

యాకయ్య సారు ఫోన్ తీసి ఆ యుద్ధాన్ని వీడియో తీశాడు. మహెక్ కింద పడినప్పుడు ఆయన నవ్వు కూడా అందులో వినబడుతుంది. "మా పిల్లలు చరిత్రను బతికిస్తున్నారు" అని రాసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి చప్పట్ల బొమ్మలతో గ్రూపు నిండిపోయింది.

ఇందులో తప్పేముందండీ, పిల్లల ఆటే కదా అంటారు మీరు. నేనూ అక్కడుంటే చప్పట్లు కొట్టేవాణ్ణేమో! దెబ్బ తగిలేది మనకు కానప్పుడు మనకు అన్నీ ఆటల్లాగే కనబడతాయి.

ఆ తరువాత మూడు రోజులు మహెక్ బడికి రాలేదు. నాలుగో రోజు ఆమె తండ్రి నాసిర్ వచ్చాడు. ఆయన ఆటో నడుపుతాడు, కోట చూడడానికి వచ్చేవాళ్ళను తిప్పి చూపిస్తాడు. హెడ్మిస్ట్రెస్ గదిలో చేతులు కట్టుకుని నిలబడి, "మేడం, పిల్లకు టీసీ కావాలె," అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ శోభారాణి ఉలిక్కిపడింది. "సంవత్సరం నడుమల టీసీ ఏంది నాసిర్ భాయ్? ఇంత మంచిగ చదివే పిల్లను తీస్కపోయి ఏడ ఏస్తవు?"

"మా వాళ్ళ పిల్లలు చదివే బడి ఒకటున్నది మేడం. జర దూరమే. గని నేనే ఆటోల దింపుకుంట."

అక్కడే కూర్చున్న యాకయ్యకు ఆ 'మా వాళ్ళ' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. "ఏమైంది భాయ్? మా బడిల ఎవరన్న ఏమన్న అన్నరా? చెప్పు, నేను చూసుకుంట."

"ఎవ్వలేమనలే సార్. మీ అసుంటి సార్లున్న బడిల ఎవరేమంటరు?"

ఎత్తిపొడుపు కాదది. నాసిర్ మనస్ఫూర్తిగానే అన్నాడు. శోభారాణి సోమవారం దాకా ఆగమని బతిమాలింది. సరేనని నాసిర్ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే యాకయ్య ఖిలా వరంగల్‌లో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. వాకిట్లో మహెక్ నాయనమ్మ బేగం బీ బొంత కుడుతోంది. సారు వచ్చాడని తెలిసి మంచం వాల్చింది.

"కూసో సారూ. పిల్ల లోపలున్నది, వస్తది. ఏం పేరు నీది?"

"యాకయ్య అమ్మా."

ముసలమ్మ చేతిలో సూది ఆగింది. "యాకయ్యనా? అన్నారం బాబా పేరే గద!"

"ఔనమ్మా. నాకంటె ముందల ఇద్దరు పుట్టి పోయిన్రంట. మా అమ్మ అన్నారం దర్గాకు మొక్కుకున్నది. నా పుట్టెంటికలు ఆడనే తీసిన్రు. మా అమ్మ ఉన్నన్ని రోజులు ఏటేట పోయి మేకను కోసి కందూరు చేసినం. పదిమందికి అన్నం పెట్టినం."

బేగం బీ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. "అయితె ఆ కోట కత రాసిన సారువు నువ్వేనా?"

"నేనే అమ్మా."

"గట్లనా," అని మళ్ళీ బొంత మీదికి వంగింది.

వరంగల్ చుట్టుపక్కల యాకయ్యలు, యాకమ్మలు ఎంతమంది లేరు! అందరికీ ఆ పేరు ఎక్కడిదో తెలుసు. యాకయ్య సారుకూ తెలుసు. యాభై ఏడేళ్ళుగా ఆ పేరుతోనే పిలిపించుకుంటున్నాడు, ఆ పేరుతోనే నవల రాశాడు. అంతా తెలిసిన మనిషికి ఆ ముసలమ్మ 'గట్లనా' అన్న ఒక్క మాటతో తల కొట్టేసినట్టయింది.

మహెక్ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది. బడికి ఎందుకు రావడం లేదని అడిగితే నాయనమ్మ వెనక్కి జరిగింది. తల్లి సబియా "చెప్పు బేటా, సారే గద" అన్నాక నోరు విప్పింది.

"ఆట మంచిగనే ఉండె సార్. గని రోజు నన్నే ఢిల్లీ సైన్యం చేస్తాన్రు. ఒక్కపారి నేను మైలమ అయిత అంటె, 'నీకు సెట్ కాదు' అన్నడు మా క్లాసు శేఖర్. అయినా నేను ఏమనలే. మొన్న నీళ్ళ నల్ల కాడ యమున అడిగింది, 'కోట కూలగొట్టింది మీవాళ్ళే గదనే, మరి ఎందుకు కూలగొట్టిన్రు?' అని. యమున నా దోస్తు సార్. కోపంల అనలే, నిజంగనే అడిగింది. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే. ఇంటికొచ్చి దాదీని అడిగిన, మనం ఏడికెళ్ళి వచ్చినమని."

బేగం బీ తల ఎత్తకుండానే అంది: "నేను ఏడికెళ్ళి వస్త సారూ? నెక్కొండల పుట్టిన. ఇక్కడికిచ్చిన్రు, వచ్చిన. మా అమ్మది నర్సంపేట. అంతకు మీది ముచ్చట నాకు తెల్వది. నీకేమన్న తెలిస్తె చెప్పు."

యాకయ్య మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు. కోటకు ఎన్ని ద్వారాలున్నాయో, ఏ బావిలో ఎన్ని మెట్లున్నాయో రెండేళ్ళు తిరిగి తిరిగి రాసుకున్నాడు. శత్రువుల గడ్డాల గురించి, కళ్ళ గురించి పేజీలకు పేజీలు వర్ణించాడు. తన ఎదురుగా మొదటి బెంచీలో కూర్చుని ఆ వర్ణనలన్నీ వింటున్న పిల్ల మాత్రం ఆయన కంటికి ఆనలేదు. పైగా ఆమె కింద పడితే నవ్వి వీడియో తీశాడు! ఆ క్షణాన ఆయనకు అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది.

"బిడ్డా, తప్పు నాది," అన్నాడు. "నీ అసుంటి పిల్లను కథల పెడత. ఆదివారం తెచ్చి నీతోనే సదివిపిస్త."

ఇంటికి వెళ్ళి రాయడానికి కూర్చున్నాడు. ఆ రోజుల్లో సముద్రం మీదుగా గుర్రాలు తెచ్చి అమ్మే వర్తకులుండేవారని ఆయన చదివి ఉన్నాడు. అట్లాంటి ఒక వర్తకుడి కూతురిని సృష్టించి నూరీ అని పేరు పెట్టాడు. ముట్టడి సమయంలో నూరీ ఒంటరిగా గుర్రమెక్కి, శత్రువుల నడుమ నుంచి కబురు మోసుకొచ్చి, బాణం దెబ్బ తిని, మైలమ ఒడిలో తల పెట్టి "ఇది నా ఊరు" అంటూ ప్రాణం విడుస్తుంది. రాస్తుంటే యాకయ్యకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఫోన్‌లో వినిపిస్తే శోభారాణి కూడా ముక్కు చీదింది. ఇక ఫికర్ లేదు, తప్పు దిద్దుకున్నాననుకుని ఆ మంచి మనిషి తృప్తిగా నిద్రపోయాడు. మంచి మనుషులతో చిక్కే ఇది. ఒక తప్పు దిద్దుతూ దానికంటే పెద్దది చేస్తారు, పైగా మనం మెచ్చుకోవాలని చూస్తారు.

ఆదివారం నాసిర్ వాకిట్లో ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోగా మహెక్ ఆ అధ్యాయాన్ని చక్కటి గొంతుతో చివరిదాకా చదివింది. కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"మంచిగున్నది సార్," అంది. కాగితాల మడత సరిచేస్తూ, "ఒకటడగాల్నా సార్?" అంది.

"అడుగు బిడ్డా."

"మైలమవాళ్ళు మామిడికాయలు దొంగతనం చేసిన్రు. అయ్యవారికి అబద్ధాలు చెప్పిన్రు. ప్రోలయ అయితె యుద్ధమంటె భయపడి గాదెల దాక్కున్నడు. గయినా వాళ్ళు ఆ ఊరోళ్ళే. వాళ్ళనెవ్వరు ఏం అడగలే. మరి నూరీ ఒక్కతే ఎందుకు సచ్చిపోవాలె సార్? సచ్చిపోతెనే ఆ ఊరిదైతదా?"

"మహెక్!" అని కసిరింది సబియా. "సారుతోని గట్ల మాట్లాడుతరా?"

నాసిర్ మాత్రం కసరలేదు. నేల చూస్తూ మెల్లగా అన్నాడు: "అననీ సబియా. సార్, నేను గూడ గదే చేస్తాన. ఆటోల కూసున్నోళ్ళకు కోట చూపిచ్చుకుంట 'మా రాజులు, మా రాజులు' అని పదిసార్లంట. ఎవ్వలు అడగరు. అడగకముందే అంట. నా పిల్లకు ఆ అలవాటు కావద్దనే టీసీ అడిగిన."

యాకయ్య తలదించుకున్నాడు. ఎన్నో బహుమతులందుకుని, ఎన్నో సభల్లో మాట్లాడిన మనిషికి ఆ చిన్న వాకిట్లో ముఖం ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఆటో నడిపే నాసిర్ చేతులు కట్టుకుని నిలబడటాన్ని మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తనముందు నిలబడినప్పుడల్లా ఆ మనిషి పరీక్ష రాస్తున్నాడని, పేపరు దిద్దేవాళ్ళలో తానూ ఒకడినని ఇప్పుడు తెలిసింది.

"మరి ఏం రాయాల్నో నువ్వే చెప్పు బిడ్డా," అన్నాడు చివరికి.

మహెక్ ఆలోచించింది. "నూరీని గూడ మామిడికాయలకు పోనీయున్రి సార్. దొరికితె అందరితోపాటు దెబ్బలు తిననీయున్రి. అంతే."

సోమవారం పొద్దున ప్రార్థన అయిపోయాక పిల్లలు తరగతులకు కదలబోతుంటే యాకయ్య ఆగమన్నాడు. నాసిర్ చెప్పిన ప్రకారమే టీసీ కోసం వచ్చాడు. గేటు దగ్గర తండ్రి పక్కన మహెక్ యూనిఫాం లేకుండా నిలబడి ఉంది. యాకయ్య మైకు ముందుకు వచ్చాడు.

"పిల్లలూ, ఇయ్యాల నేను పాఠం చెప్పను. నా తప్పు చెప్పుకుంట. నేను మన కోట మీద ఒక కథ రాసిన. అండ్ల ఈ ఊరి పిల్లలను రాసిన అనుకున్న. గని మహెక్ అసుంటి పిల్లను రాయలే. ఆమెకు శత్రువుల దిక్కు తప్ప నిలబడే జాగ ఇయ్యలే. మీరు ఆటల ఆమెను కింద పడేసి పొడుస్తాంటె చూసి నవ్విన. వీడియో తీసి అందరికి చూపిచ్చిన. నా పేరు అన్నారం దర్గా ఇచ్చిన పేరు. ఆ పేరు పెట్టుకొని నేను చేసిన పని ఇది."

ఏడో తరగతి వరుసలో యమున వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. "మీ వాళ్ళు అని అన్నది నేనే సార్," అంది.

"నువ్వన్నది నా పుస్తకం విని అన్నవు బిడ్డా. నువ్వు ఏడవకు. ఏడిస్తె నేను ఏడవాలె."

శోభారాణి గేటు వైపు నడిచి, "నాసిర్ భాయ్, టీసీ రాసి పెట్టిన. తీసుకుంటవా?" అని మెల్లగా అడిగింది. నాసిర్ కూతురి వైపు చూశాడు. మహెక్ చెప్పులు చప్పుడు చేసుకుంటూ మైదానం దాటి వచ్చి, ఏడో తరగతి వరుసలో యమున వెనుక నిలబడింది. యమున వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

యాకయ్య కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టబోయిన ఇద్దరు ముగ్గురు టీచర్లను చేత్తో వారించాడు. "చప్పట్లు కొట్టకున్రి. ఆ పిల్ల తన వరుసల తాను నిలబడ్డది. అండ్ల మన గొప్ప ఏం లేదు," అన్నాడు. ఆ తరువాత ఆయన అన్న మాట ఆ బడి పిల్లలకే కాదు, మీకూ నాకూ కూడా:

"ఈ మట్టిల పుట్టిన బిడ్డను 'నువ్వు ఈ ఊరిదానివని రుజువు చెయ్యి' అని అడిగేటోడు ఎవడైనా సిగ్గుతోని తలదించుకోవాలె, అందరికంటె ముందు నేను దించుకుంటాన."