పెద్ద ప్లగ్గు

గ్రైండరు కొన్నానని మావారు ఛత్రపూర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసిన రోజు, నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. ఇంట్లో ఉన్న గ్రైండరు రాయి ఆరు నెలలుగా కీచుకీచుమంటోంది. పదిహేడేళ్ళ కాపురంలో మొదటిసారి ఈ మనిషికి చెప్పకుండానే నా అవసరం తెలిసిందనుకున్నాను. మూడో రోజు పార్సెల్ వచ్చింది. విప్పి చూస్తే, చారెడు మినపప్పు పట్టని గొట్టం.

"ఏటండీ ఇది? పప్పెక్కడెయ్యాల?"

"పప్పు కాదు ఉమా, కాఫీ గింజలు. మిషను రేపొస్తాది," అన్నారు మావారు ఢిల్లీశ్వరరావు గారు.

అన్నట్టే వచ్చింది. ఎస్ప్రెస్సో మిషనట. మా బరంపురం ఇంటి వంటింట్లో పదిహేను ఆంపుల పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉంది. దాని పక్కన గట్టు మీద నా గ్రైండరు ఉండేది. మిషను ఆ ప్లగ్గులో తప్ప పని చేయనంది. దాంతో గ్రైండరు పెరటి వరండాకి, నేల మీదికి వెళ్ళిపోయింది. నేనూ నేల మీద చతికిలబడి రుబ్బుకోవాలి. నా కుడి మోకాలేమో కూర్చోమంటే కూర్చుంటుంది, లేవమంటే మాత్రం వినదు.

మావారికి ఇది కొత్త కాదు. అంతకు ముందు రంగు చేపల తొట్టి పెట్టారు. చేపలమ్మే ముత్యాలమ్మ అది చూసి, "మేం సేపల్ని తింటాం, బాబేమో సేపలకి తినిపిస్తన్నాడు," అని వారం రోజులు నవ్వింది. తర్వాత మౌతార్గాన్, ఆ తర్వాత కుండీలో మరుగుజ్జు మర్రిచెట్టు. అన్నీ ఒక్కొక్కటే అటకెక్కాయి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టు, ఇప్పుడు కాఫీ.

ఆ కాఫీ చేసే తీరు చూడాలి. కోరాపుట్ గింజలు పద్దెనిమిది గ్రాములు, బంగారం తూచే త్రాసులాంటి దాని మీద. ఆ గుండని ఒక ఇనప బిళ్ళతో అదిమి, ఫోనులో సెకన్లు పెట్టి, ఇరవై అయిదు అయ్యేదాకా నన్ను అంట్లు కూడా కదపనివ్వరు. వచ్చేదేమో ఉగ్గుగిన్నెడు. అది నచ్చక సింకులో పారబోసి మళ్ళీ మొదలు. ఇంత లెక్క తెలిసిన మనిషికి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు.

ఒకరోజు పిండి తీసి లేవబోతే మోకాలు అసలు లొంగలేదు. అరగంట అక్కడే కూర్చున్నాను. చివరికి ముత్యాలమ్మ చేపల గంప దించి, నా రెండు చేతులూ పట్టుకుని లాగింది. ఆ సాయంత్రం మావారితో తేల్చి చెప్పేశాను.

"ఆ మిషను తీసెయ్యండి. నా గ్రైండరు గట్టు మీదకి రావాల."

"నీకు రుసి తెల్దు. తెలిసినోలు తాగితే అప్పుడు సూడు," అన్నారు. కాస్త ఆలోచించి, పెద్దమనిషి తీర్పు చెబుతున్నట్టు, "ఆదివారం మా పాణిగ్రాహి బాబొస్తారు. ఆయన బాగులేదంటే నేనే అటకెక్కించెత్తాను. బాగుందంటే నువ్వు మరి మాటాడకూడదు," అన్నారు.

పాణిగ్రాహి బాబు మావారి పై ఆఫీసరు, ఒడియా మనిషి, ముఖస్తుతి తెలియనివాడని పేరు. నాకు మనసులో ఒకటే సంతోషం. నేనేమీ చేయనక్కరలేదు, ఆ కాఫీయే నన్ను గెలిపిస్తుంది.

ఆదివారం ఆయన వచ్చారు. మావారు మూడుసార్లు పారబోసి నాలుగోది ఇచ్చారు. బాబు ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకున్నారు. ముఖమంతా ముడుచుకుపోయింది. కప్పు కింద పెట్టి, ఏదో చెప్పడానికి గొంతు సవరించుకున్నారు. నా గ్రైండరు గట్టెక్కినట్టే.

అప్పుడైనా నా నోరు ఊరుకోవాలా? వెక్కిరింపు ఆపుకోలేక ఒడియాలో అనేశాను. "ఏ సబు తాంకర సోకు, ఆజ్ఞా." ఇదంతా ఈయన గారి సోకు, బాబూ అని.

సోకంటే మన తెలుగులో ఏమిటి? పని లేనివాడి టింగురంగా వేషం. కానీ ఇల్లంతా తెలుగు, వీధంతా ఒడియా అయిన మాకు ఏ మాట ఏ భాషదో నోటికి తెలియదు. ఒడియాలో 'సఉకొ' అని ఉంది. మనసుపడి చేసుకునే పని అని దానికి గౌరవమైన అర్థం. బాబుకి అదే వినబడింది.

ఆయన ముఖం విచ్చుకుంది. "సఉకొ! ఎంత మంచి మాట అన్నారమ్మా," అన్నారు. చిన్నప్పటి నుంచి ఆయనకి వేణువంటే ప్రాణమట. ఇంట్లో అందరూ దాన్ని గోల అన్నారే తప్ప, సఉకొ అన్నవాళ్ళు లేరట. "రావు బాబు, మీరు అదృష్టవంతులు," అని ఆ చేదంతా తాగేసి, ఇంకో కప్పు అడిగారు. మావారు నా వైపు చూసిన చూపు చెప్పను. నా నాలుక కోసుకోవాలనిపించింది.

రెండో కప్పు పట్టుకుని బాబు నన్నడిగారు. "మరి మీ సఉకొ ఏమిటమ్మా?"

నేను నోరు తెరిచేలోగా మావారు చెప్పేశారు. "ఆవిడకి అలాంటివేం లేవు సార్."

మోకాలి నొప్పికి రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది. దాన్ని మింగి, "ఎందుకు లేదు ఆజ్ఞా, ఉంది. ఈయన కొన్నవన్నీ అటకెక్కించడం నా సఉకొ," అన్నాను.

పాణిగ్రాహి బాబు కప్పు తొణికేలా నవ్వారు. నవ్వాక లేచారు. "రావు బాబు, గంట నుంచి మీ సఉకొ చూశాను. ఇప్పుడు ఆవిడది చూడాలి," అంటూ తానే కుర్చీ లాగి అటక కింద వేశారు. మావారు తమాషా అనుకుని నవ్వారు. బాబు నవ్వలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో మావారు ఆఫీసరు మాట కాదన్నది లేదు. నేను మిషను అందిస్తే, కుర్చీ ఎక్కి తన చేతులతోనే అటక మీద పెట్టారు.

బాబు వెళ్ళిపోయాక మేమిద్దరం గ్రైండరు మోసుకొచ్చి గట్టు మీద పెట్టాం. పప్పు వేసి, పెద్ద ప్లగ్గు స్విచ్చి నొక్కాను. రాయి కీచుకీచుమంటూ తిరిగింది. నిలబడే రుబ్బుతున్నాను, మోకాలు హాయిగా ఉంది. సంతోషపడాలి కదా. బాబు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. హాస్యానికి జవాబు చెప్పాను గానీ, అసలు జవాబు ఎంత వెతికినా దొరకలేదు. పెళ్ళికి ముందు ఏమైనా ఉండేదేమో, అదీ గుర్తు రాలేదు. తీరా చూస్తే గెలిచింది నేను కాదు, ఇడ్లీ పిండి.

స్విచ్చి ఆపేశాను. చప్పుడు ఆగేసరికి మావారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏటయింది, కరెంటు పోయిందా?"

"లేదు. నేనే ఆపేశాను. మిగతాది మీరు రుబ్బండి."

"నీకేటి పని?"

"పని కాదు. ఏటో నాకూ తెల్దు. కూకుని ఆలోసించాల."

హాల్లోకి వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను. వంటింట్లో డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసిన చప్పుడైంది. తర్వాత, "ఉమా, నీల్లు ముందెయ్యాలా, తిరిగినప్పుడెయ్యాలా?" అని అడిగారు.

చెప్పడానికి నేను లేవలేదు.