ఎలీశమ్మ పాడిన సీడీ

పక్కింటి సుందరయ్యగారు నోరు తెరిచి నన్ను అడిగిన సాయం ఇన్నేళ్లలో ఇదొక్కటే.

"చెల్లె, మీ అమల బారసాలనాడు మా ఎలీశమ్మ జోలపాట పాడింది గద. గా సీడీ ఉన్నదా? ఆమె గొంతు ఇంకేడ లేదు."

ఆయన భార్య ఎలీశమ్మ పోయి రెండేళ్లయింది. సీడీ మా ఇంట్లోనే ఉంది. ప్రతి వేడుకా రికార్డు చేసి సీడీలకెక్కించడం మా ఆయన విశ్వేశ్వరరావుకి పిచ్చి. పాతబడి కొన్ని అప్పుడే నత్తి కొడుతున్నాయి.

"అన్నీ తే చెల్లె. ఖరాబు గాకముందే మా క్రాంతి కంప్యూటర్ల ఎక్కిస్తడు."

క్రాంతి పేరు వినగానే నా గుండె గుభేలుమంది. ఆయన కొడుకు. జై తెలంగాణ అంటూ దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో జెండా పట్టుకుని తిరిగే కుర్రాడు. మా సీడీల మీదేమో 'ఆంధ్ర మిత్రమండలి' అని గుండ్రటి స్టిక్కర్లు! సంఘానికని అచ్చేయించినవి మిగిలితే, మా మహానుభావుడు ఇంటి సీడీలకూ అవే అంటించాడు. ఎల్బీనగర్‌లో మా అన్నయ్యయితే గొడవలకి భయపడి, తన షాపు బోర్డు మీద 'ఆంధ్ర' అన్న మాటకి రంగు పూయించేశాడు కూడా.

ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. మా ఆయన ఆఫీసుకెళ్లగానే గోళ్లతో ఒక్కో స్టిక్కరూ పీకి పారేశాను. పాట ఉండేది కింద మెరిసే వైపే కదా, అటు వేలు తగలనిస్తే ఒట్టు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం సీడీల డబ్బా పట్టుకెళ్తే, "రా అత్తమ్మా, కూసో" అని క్రాంతి కుర్చీ వేశాడు. ఒక సీడీ పెట్టాడు. కంప్యూటర్ కాసేపు గిరగిరా తిప్పి బయటికి నెట్టేసింది. రెండోదీ అంతే. కవరు మీద 'అమల బారసాల' అని రాసున్న సీడీ తీసి లైటుకి అడ్డం పెట్టాడు. అందులోంచి అవతల వాడి కళ్లు కనిపించాయి.

"పాట ఉండేది పైన గీ సన్న రేకుల అత్తమ్మా. స్టిక్కరుతోని ఊడొచ్చింది."

"నేనేం భయపడి పీకలేదు బాబూ!" అనేశాను.

భయం మాట ఎవరెత్తారని? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మమ్మల్ని జూసి భయపడ్డవా చెల్లె?" అన్నారు సుందరయ్యగారు.

నాలుగు తిట్టినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది.

క్రాంతే ముందు తేరుకున్నాడు. మైకు తెచ్చి నా ముందు పెట్టాడు. "పోనియ్ నాయినా. అమ్మ పాడంగ అత్తమ్మ ఇన్నది గద, యాదికుంటది. జర పాడు అత్తమ్మా, గదే ఎక్కిస్త."

సుందరయ్యగారు ఆశగా ముందుకి వంగారు. నోరు తెరిచాను. పాటలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

ఎట్లా వస్తుంది? ఆ రోజు ఎలీశమ్మ పాడుతున్నంతసేపూ నేను లోపలి గదిలో మా ఆడపడుచుతో, "ఆ కులం వాళ్లని ఉయ్యాల దాకా ఎవరు రానిచ్చారే?" అని గొణుగుతూనే ఉన్నాను.