ముఖాలు దాచని సినిమా

ఫ్యాక్టరీ గేటు దగ్గర చిన్నకోడలి మెడలోని గుర్తింపు కార్డును సూపర్‌వైజరు తాడుతో సహా లాగేశాడు.

"సినిమాల్లో మాట్లాడతావా? పో, అక్కడే బతుకు!"

ఆమె నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని బయటికి నడిచింది. చూస్తున్న పెద్దకోడలికి మాత్రం ఒళ్లు భగ్గుమంది. ఆ మాట్లాడింది తనే మరి! ఒకే ఇంటి తోడికోడళ్లు, ఒకే ప్రెస్సు మిషను మీద రేకులు కొట్టేవాళ్లు. "చేతులు పడకుండా మిషనుకు అడ్డంగా ఇనప జాలీ పెట్టమంటే పని నెమ్మదిస్తుందన్నారు. మా వేళ్లు పోతే నెమ్మదించదా?" అని కెమెరా ముందు కడిగేసింది తనే. పనివాళ్ల మీద సినిమా తీస్తున్న కెమెరా పిల్ల తన ముఖం దాచి, గొంతు మార్చి, చేతులే చూపించింది. రెండు వేళ్లు లేని తన చెయ్యి ఫోనులో చూడగానే మేనేజరుకు, అలాగే వేళ్లు పోయిన చిన్నకోడలు గుర్తొచ్చింది. ఆ మిషను ఇంకెంతమంది వేళ్లు మింగిందో ఆ మహానుభావుడికేం తెలుసు! వీళ్లను మనుషులనుకుంటే కదా తెలిసేది.

సాయంత్రం వాళ్లింట్లో పనివాళ్లంతా చేరారు.

"రేపెళ్లి నేనే అని చెప్పేస్తా" అంది పెద్దకోడలు.

"చెప్తే నిన్నూ గెంటేస్తారు. ఇక పొయ్యిలో పిల్లి లేవదు. ఊరుకో అక్కా!" అంది చిన్నకోడలు.

మిషన్లకు నూనె పెట్టే గ్రీజు తాత తల పట్టుకున్నాడు. "ఆ సినిమా తీసిపారెయ్యమ్మా. ఊరుకున్నంత ఉత్తమం లేదు."

కెమెరా పిల్ల కళ్లు తుడుచుకుంది. "తీసేస్తాను తాతా. మీ మంచికే ముఖాలు దాచాను."

"ఏం మంచి?" చిన్నకోడలు గొంతు పెంచింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "ముఖం లేకపోబట్టే కదా, అక్కను తన్నబోయి నన్ను తన్నాడు! వేళ్లు పోయినవాళ్లందర్నీ ముఖాలతో తియ్యి. ఎంతమందిని గెంటుతాడో చూద్దాం!"

"పిల్లలు గలవాళ్లం" అని ఎవరో గొణిగారు. చివరికి తాతే విసుక్కుంటూ లేచాడు.

"ముందు నన్ను తియ్యవే. ముసలాణ్ణి, నన్నేం పీకుతారు?"

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

రెండ్రోజులకు, షిఫ్టు మారే వేళ గేటు ఎదుటి గోడ మీద సినిమా వేశారు. లోపలికి వెళ్లాల్సినవాళ్లు ఆగిపోయారు, బయటికొచ్చినవాళ్లు ఇళ్లకు కదల్లేదు. మేనేజరు పరుగెత్తుకొచ్చి చిన్నకోడలితో మెత్తగా అన్నాడు.

"పొరపాటైందమ్మా. రేపట్నుంచి పనిలోకి రా. ఇది ఆపించు."

ఆ పని లేకపోతే ఇల్లు గడవదని ఆమెకు తెలుసు.

"జాలీ పెట్టించండి సార్. అందరం కలిసే వస్తాం" అంది చిన్నకోడలు.

అప్పుడు పోలీసు జీపొచ్చింది. ఇనస్పెక్టరు గోడ మీద బొమ్మ ఆర్పించాడు, కెమెరా లాక్కున్నాడు, పిల్లను జుట్టు పట్టి ఈడ్చాడు. జనం జీపును చుట్టేశారు. పెద్దకోడలు ఫోను పైకెత్తి తియ్యడం మొదలుపెట్టింది.

"ఏయ్, దించు!" అని ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు ఇనస్పెక్టరు.

"చెయ్యి తియ్యండి సార్" అంది పెద్దకోడలు. "మేం ముఖాలు దాచడం మానేశాం."