పన్నెండు తూనీగ పిల్లలు, ఒక్క బేసిన్

ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషికి ఖాళీ జాగా కనిపిస్తే ఒళ్లు మండుతుంది. రిటైరై ఏడాదైనా ఆ జబ్బు వదల్లేదు. అందుకే వంటింటి గట్టు మీద ఇంకా రెక్కలు రాని తూనీగ పిల్లలు పన్నెండూ గ్లాసుకొకటి చొప్పున దర్జాగా ఈదుతుంటే ఆయన చూడలేకపోయాడు.

అవి మామూలు పిల్లలు కావు. ఊరి చివర చిత్తడి నేలను చెత్తతో నింపేశాక ఎర్రతోక తూనీగలు అజాపజా లేకుండా పోయాయి. సైన్సు టీచరమ్మ వీధి వీధీ తిరిగి జనాన్ని కూడగట్టి, రెండేళ్లు చెత్త ఎత్తించి, నీళ్లు నిలబెట్టి, జమ్ముగడ్డి నాటించింది. ఎక్కడి నుంచో తూనీగ పిల్లల్ని తెప్పించి, పెంచమని ఇంటికి పన్నెండు పంచింది. బాగా పెంచినవాళ్లకే రెండో విడత. రిటైరయ్యాక కండక్టరుకు ఎవరైనా ఏదైనా అప్పగించడం ఇదే మొదలు. ఆ రెండో విడత కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

"గ్లాసులన్నీ పురుగులకిచ్చి మనం దోసిళ్లతో తాగుదామా?" అని భార్య రోజూ సతాయించేది. ఆ పోరు పడలేక, ఆమె బజారుకెళ్లిన సమయం చూసి, ఆయన అన్నింటినీ ఒకే బేసిన్లోకి ఒంపేశాడు.

"కాస్త సర్దుకోండి, బోలెడు చోటుంది," అన్నాడు వాటితో.

మూడో రోజుకు ఒక్కటే మిగిలింది, బొద్దుగా.

టీచరమ్మ ఇచ్చిన కాగితం భార్య అప్పుడు చదివి వినిపించింది. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయట. కండక్టరు కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గుతో మళ్లీ దాని వంక చూస్తే ఒట్టు. తిట్టుకుంటూనే భార్య దాన్ని గ్లాసులోకి మార్చింది, పెరటి తొట్టిలోంచి దోమపిల్లల్ని తెచ్చి మేపింది.

ఆదివారం పొద్దున అందరూ చిత్తడి నేల గట్టున చేరారు.

"పన్నెండింట్లో ఒకటేనా బాబాయిగారూ?" అంది టీచరమ్మ.

"ఒకే బేసిన్లో పోశానమ్మా. మిగతావాటిని ఇది తినేసింది."

అందరూ గొల్లున నవ్వారు. టీచరమ్మ మాత్రం గ్లాసెత్తి వెలుతురులో పరీక్షగా చూసింది.

"ఇంత పుష్టిగా ఎవరిదీ లేదు! ఎలా పెంచారండీ?"

నవ్వులు ఆగిపోయాయి. భార్య పక్కనే నిలబడి ఆయన వంకే చూస్తోంది. ఒక్క చిన్న అబద్ధం ఆడితే రెండో విడత ఆయనదే. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేను దాని మొహమే చూళ్లేదమ్మా," అన్నాడు. "పెంచింది ఈవిడే."

టీచరమ్మ గ్లాసు వంచింది. ఆ బొద్దుది జమ్ము మొదట్లోకి జారిపోయింది. వాళ్ల వైపు తిరిగైనా చూడలేదు. కండక్టరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండో విడత పిన్నిగారికే," అంటూ టీచరమ్మ ఒక పెట్టె తెచ్చింది.

"నాకెందుకమ్మా ఈ గోల?" అంటూనే ఆమె రెండు చేతులూ చాచింది. కండక్టరు సాయం పట్టబోతే పెట్టె పక్కకు జరుపుకుంది. ఆయన తల వంచుకుని వెనకే నడిచాడు.

నాలుగడుగులు వేశాక ఆమె ఆగింది.

"దోమపిల్లల్ని మాత్రం మీరే పట్టాలి. వంగి వంగి నా నడుం విరిగిపోయింది."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"రోజుకెన్ని కావాలో చెప్పు," అన్నాడు.