కత్తిరించిన పాఠం

ప్రిన్సిపాల్ వెంకట్రాజం టేబుల్ మీది కాగితాన్ని ఆసిమా వైపు జరిపాడు. ఆఫీసులో టైపు కొట్టించిన కాగితం. 'నా వ్యాఖ్యల వల్ల దేశభక్తుల మనోభావాలు దెబ్బతిన్నందుకు బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను' అని ఉంది. కింద ఆమె పేరు కూడా వాళ్లే టైపు చేసేశారు. సంతకం పెట్టి, సెల్‌ఫోన్ ముందు నిలబడి చదివితే చాలట.

"రెండు నిమిషాల పనమ్మా," అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా.

ఆసిమాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హన్మకొండలోని ఈ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె పొలిటికల్ సైన్స్ చెప్పబట్టి పదేండ్లు దాటింది. ఆలస్యంగా వచ్చావని కూడా ఒక్కనాడు ఎవరితోనూ అనిపించుకోలేదు. అలాంటిది, పాఠం చెప్పినందుకు క్షమాపణ!

జరిగింది ఇది. మే నెల, సరిహద్దు మీద డ్రోన్లు తిరుగుతున్న రోజులు. టీవీలన్నీ సైరన్లు మోగిస్తున్నాయి. బీఏ ఫైనలియర్ పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయని ఆమె రివిజన్ క్లాసు తీసుకుంటోంది. పిల్లల చేతుల్లో పుస్తకాలు లేవు, బల్లల కింద ఫోన్లే. భానుచందర్ అనే కుర్రాడు లేచి, "మేడం, ఇవన్ని ఎందుకు? మనోళ్లు ఒక్క అణుబాంబు ఏస్తే కథ ఖతం," అన్నాడు. క్లాసంతా చప్పట్లు.

ఆసిమా కోప్పడలేదు. ఎలాగూ పరీక్షలో వచ్చే ప్రశ్నే గనక క్యూబా సంక్షోభం చెప్పింది. పంతొమ్మిది వందల అరవై రెండు. రష్యా వాళ్లు అమెరికా గుమ్మం ముందున్న క్యూబాలో అణు క్షిపణులు తెచ్చి పెట్టారు. అమెరికా యుద్ధనౌకలు సముద్రంలో అడ్డంగా నిలిచాయి. రెండు వైపులా వేళ్లు మీట మీదే ఉన్నాయి. అమెరికాలో సైన్యాధికారులు దాడి చేద్దామని అధ్యక్షుణ్ణి తొందరపెట్టారు. సముద్రం అడుగున ఒక రష్యా జలాంతర్గామి చిక్కుకుంది. పైనున్న అమెరికా నౌకల నుంచి బాంబులు పడుతున్నాయి, లోపల ఊపిరాడటం లేదు. పైన యుద్ధం మొదలైందనుకుని కెప్టెన్ అణు టార్పెడో వదులుదామన్నాడు. లోపలున్న ఇంకో అధికారి ఒప్పుకోలేదు. ఆయన వద్దన్నందుకే మనం ఉన్నాం.

"తర్వాత రెండు ప్రభుత్వాలు ఉత్తరాలు రాసుకున్నయి. ఒకరు క్యూబా నుంచి క్షిపణులు తీసేసిండ్రు. ఇంకొకరు క్యూబా మీదికి దండెత్తేది లేదని మాటిచ్చి, టర్కీల ఉన్న తమ క్షిపణులు చప్పుడు చెయ్యకుంట తీసేసిండ్రు. ఎవ్వల పరువు పోలే. బాంబు ఎయ్యడానికి ధైర్యం అక్కర్లేదు, వెనక్కి తగ్గడానికే కావాలె. తగ్గాలె. అణుబాంబు చేతిల ఉన్నోళ్లు ఇద్దరూ తగ్గాలె," అంది.

తెల్లారేసరికి, ఎవరో ఫోన్లో తీసిన ఆ పాఠంలోంచి 'వెనక్కి తగ్గడానికే కావాలె. తగ్గాలె' అన్న ముక్క ఒక్కటే ఫోన్లలో తిరుగుతోంది. క్యూబా లేదు, రష్యా లేదు, అమెరికా లేదు. పైన ఎర్రక్షరాలతో ఆమె పూర్తి పేరు. 'మన సైన్యాన్ని వెనక్కి తగ్గమంటున్న లెక్చరర్. ఎవరి వైపో మీరే చెప్పండి' అని కింద. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో కింద మాటలు వరసగా పడ్డాయి. ఆమెను ఎక్కడికి పంపాలో టికెట్‌తో సహా చెప్పేవాళ్లు కొందరైతే, ఆమె పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో అడిగినవాళ్లు కొందరు.

ఆమె భర్త షకీల్‌కు కొత్తవాడలో జంపఖానాల దుకాణం. క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టాలని కాలేజీ నుంచి కబురు వచ్చిన పొద్దు, అన్నం కలుపుతూ మెల్లగా అన్నాడు. "జర సంతకం పెట్టేయరాదు ఆసిమా. రోజులు మంచిగ లేవు. పిల్లల ఫికర్ జెయ్యాలె గద."

"నేనేం తప్పు చేసిన?"

"నువ్వు చేసినవని నేనంటలేను."

"మరి చెయ్యని తప్పుకు సంతకం పెడితే చేసినట్టే గద. రేపు మన పిల్లల్ని బడిల 'మీ అమ్మనే ఒప్పుకున్నది గదరా' అంటే ఏం చెప్పాలె?"

షకీల్ చెయ్యి కడుక్కుని లేచాడు. సగం అన్నం కంచంలోనే ఉంది. ఆయన మీద కోపం రాలేదామెకు. ఆ భయం ఆయనలో పెట్టినవాళ్ల మీద వచ్చింది.

ఇప్పుడు ఎదురుగా వెంకట్రాజం ఉన్నాడు. ఇదే కాలేజీలో ఆమె చదువుకున్నప్పుడు పాఠం చెప్పినాయన. ఆమెకు ఉద్యోగం ఇప్పించినాయన.

"సార్, ఆ పాఠం నాకెవరు చెప్పిండ్రు?" అడిగింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"వెనక్కి తగ్గడానికే ధైర్యం కావాలె అన్న మాట మీది సార్. మా బ్యాచ్ అందరికి నోటికొచ్చు. మొన్న సెక్షన్ బీ పిల్లలకు కూడ మీరు అదే చెప్పిండ్రు. మీ వీడియో ఎవరూ తియ్యలే."

"అప్పటి రోజులు వేరమ్మా."

"మొన్నటి ముచ్చట చెప్తాన సార్! రోజులు వేరా, పేరు వేరా?"

వెంకట్రాజం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "కరస్పాండెంట్ గారు పట్టుబట్టిండు. రేపు పేరెంట్స్ వస్తాండ్రు. సంతకం లేకపోతే నా చేతుల ఏం లేదు," అన్నాడు.

ఆసిమా కాగితాన్ని ఆయన వైపే నెట్టేసి లేచింది. "పేరెంట్స్ ముందట్నే మాట్లాడత సార్."

మర్నాడు సెమినార్ హాల్లో కుర్చీలు చాల్లేదు. కరస్పాండెంట్ ఓంప్రకాశ్ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయనకు రియల్ ఎస్టేట్ వ్యాపారం, రెండు కాలేజీలు. పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. "మేడం గారు రెండు ముక్కలల్ల సారీ చెప్తరు. తర్వాత చాయ్ తాగి పోదాం," అని ఆయన ప్రకటించాడు.

ఆసిమా మైకు తీసుకుంది. సారీ చెప్పలేదు. క్యూబా పాఠం మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆమె జలాంతర్గామి దాకా రాకముందే భానుచందర్ తండ్రి కట్టయ్య లేచాడు.

"పాఠాలు ఇనడానికి రాలేదమ్మా మేము. మన సిపాయిలు ఆడ ప్రాణాలు పెడుతుంటే నువ్వు తగ్గమన్నవా లేదా? అది చెప్పు!"

"అణుబాంబు చేతిల ఉన్న రెండు దేశాలు తగ్గాలె అన్న. అన్న మాట దాసుకోను. కానీ అన్నా, మీ అబ్బాయి బాంబు ఏసేద్దాం అన్నడు. ఏస్తే అది ఆడ్నే ఆగుతదా? తిరిగి మన మీద పడదా? అప్పుడు ఏ దవాఖానకు పోతం? దవాఖాన ఉంటదా?"

"దేశమంటే పానమిచ్చేటోళ్లకు తెలుస్తది, నీకేం తెలుస్తది!" వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా గోల. 'నీకేం' అన్నది ఆమె చదువు గురించి కాదని హాల్లో అందరికీ తెలుసు. ఇంతమందికి ఇది తప్పనిపించడం లేదే అని ఆసిమాకు కోపం ముంచుకొచ్చింది.

ఆ గోలలో మధ్య వరసలోంచి ఒక నడివయసు ఆడమనిషి లేచింది. ఫైనలియర్‌లోని సుభాషిణి అనే అమ్మాయి తల్లి మల్లక్క. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

"పానమిచ్చేటోళ్లా?" అంది. మైకు అక్కర్లేని గొంతు. "నా పెద్దకొడుకు జమ్ము దిక్కున్నడు. ఫోను లేక దినాలైతాంది. నేను బుక్క మింగుతలేను. మీరు ఇండ్లల్ల ఫ్యాన్ల కింద కూసోని ఏసెయ్యి ఏసెయ్యి అంటాండ్రు. ఎవల మీద పడ్తది అది? ఆడ నిలబడ్డది ఎవలు? మీ పిలగాండ్లున్నరా? నీ కొడుకును పంపుతవా?" అని కట్టయ్య మొహం మీదే అడిగింది. "మేడం చెప్పిన పాఠం నా బిడ్డ నాకు చెప్పింది. ఆ నీళ్లల్ల ఉన్నాయన ఎవలో గని, ఆయన తల్లి కడుపు సల్లగుండ. వద్దన్నడు. మా దిక్కు ఒకడు, ఆల్ల దిక్కు ఒకడు అట్ల వద్దనేటోడు ఉండాల్నని నేను మొక్కుతాన. ఇది తప్పైతే నాతోని గూడ సంతకం పెట్టించుకోండ్రి!"

కట్టయ్య కూర్చున్నాడు. ఓంప్రకాశ్ కాలు దించాడు. సిపాయి తల్లిని ఎవరేమంటారు?

అప్పుడు, అంతా అయ్యాక, వెంకట్రాజం కుర్చీలోంచి సగం లేచి, "ఆ పాఠం... నేను కూడ అట్లనే చెప్తనండి," అన్నాడు. వెనక వరసలకు వినిపించిందో లేదో.

'ఇప్పుడా సార్!' అనుకుంది ఆసిమా. మల్లక్కకు మాత్రం రెండు చేతులూ జోడించింది. కానీ లోపల మంట ఆరలేదు. ఇవే మాటలు తను అంటే ఈ హాలు బతకనిచ్చేదా? ఒక మాట నిజం కావడానికి ఇంట్లో ఒక సిపాయి ఉండాలా?

"సరే సరే, అయిపోయింది. సంతకం వద్దు, ఏం వద్దు. చాయ్ తాగుండ్రి," అని ఓంప్రకాశ్ చేతులు దులుపుకున్నాడు.

"అయిపోలే సార్," అంది ఆసిమా. "వీడియో కత్తిరించిండ్రని కాలేజి పేరు మీద అదే గ్రూపుల పెట్టండి. పెట్టేదాక నేను క్లాసుకు రాను."

"మళ్ల లేపుడెందుకు మేడం? నాలుగు రోజులైతే అందరు మర్సిపోతరు."

"వాళ్లు మర్సిపోతరు సార్. నేను ఈ ఊర్లె నడవాలె."

చాయ్ ముట్టకుండా ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రమే రెండు దేశాలు కాల్పులు ఆపడానికి ఒప్పుకున్నాయని టీవీలో వచ్చింది. షకీల్ దుకాణం ముందు నిలబడ్డవాళ్లు ఉసూరుమన్నారు. "ఛ! ఇంకో రెండు రోజులు ఆగితే ఏం పోయింది," అన్నాడొకడు, వాన పడి క్రికెట్ మ్యాచ్ ఆగిపోయినట్టు. ఆసిమా మాత్రం ముందుగా మల్లక్కకు ఫోన్ చేసింది. అవతల ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. "మాట్లాడిండు బిడ్డా! ఇప్పుడే మాట్లాడిండు!" ఆసిమా గోడకు ఒరిగి, ఇన్ని రోజుల్లో మొదటిసారి ఏడ్చింది.

కాలేజీ మాత్రం ఏమీ రాయలేదు. ఆమె క్లాసుకు పోలేదు. ఓంప్రకాశ్ రెండుసార్లు ఫోన్ చేయించాడు, ఆమె ఎత్తలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయని పిల్లలు మెసేజ్‌లు పెట్టినప్పుడు మాత్రం మనసు పీకింది.

చివరికి ఆ గ్రూపులో మాట రాసింది కాలేజీ కాదు, వెంకట్రాజం. ఒకరోజు పొద్దున్నే తన సొంత పేరుతో రాశాడు. 'ఆసిమా మేడం చెప్పిన పాఠం నేను నేర్పిందే. మాట సగం కోసి తిప్పారు. మొన్న నేను ఆమె పక్కన నిలబడలేదు. అది నా పిరికితనం.'

కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. "నన్ను కూడ తిడ్తాండ్రమ్మా. రిటైరయ్యే వయసుల ఈ మాటలు పడాల్సొచ్చింది."

"ఏమంటాండ్రు సార్?"

"ముసలోనికి మతి పోయిందని..."

ఆసిమాకు ఆయన మీద జాలి వేసింది. జాలి వేసిందని మాట మింగలేదు.

"మీకు మతి పోయిందన్నరు సార్. నన్ను దేశద్రోహి అన్నరు. చెప్పింది ఒక్కటే పాఠం."

"అవునమ్మా," అన్నాడాయన. "అవును."

"కాలేజి రాయకున్నా మీరు రాసిండ్రు సార్. పదింటికి క్లాసుకు వస్తాన. పిల్లలకు చెప్పండి," అని ఆసిమా ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.