మేకు కనిపించే అతుకు

ఆ ఉదయం ఆకాశం వాన కురవాలా వద్దా అని మొహం ముడుచుకుని కూర్చుంది. కింద వడ్రంగి కొట్టులో కోడలు మాత్రం ధీమాగా చీటీలు చదువుకుంటోంది.

ఆ రోజు ఆమెకు మౌఖిక పరీక్ష. పక్కవీధి బడిలో టీచరు ఉద్యోగం ఖాయమే, కానీ సాహిత్యం పరీక్ష గట్టెక్కితేనే. కిందటిసారి కవిత చేతికివ్వగానే నోరు పెగల్లేదు. భర్త తలుపులు బిగించడానికి పొద్దున్నే వెళ్లిపోతాడు. మామగారికి సాయంగా రోజంతా చెక్కకు గరుకుకాగితం రుద్దే మనిషికి పుస్తకం ముందేసుకునే తీరికెక్కడిది? అందుకే ఈసారి పుస్తకంలోని మాటల్ని పనిముట్లకే అంటించింది. పైన పేరు చీటీ, కింద అర్థం చీటీ. గడపకు ఉపోద్ఘాతం, చీపురుకు ముగింపు, ఉలికి ఉపమ, రంపానికి రూపకం.

మామగారు మాటల్లో మహా పొదుపరి. అయినా ఈ మాటలు ఆయనకు తెగ నచ్చాయి.

"అమ్మాయ్, ఆ ఉపమ ఇటందుకో."

"ఇదిగో మావయ్యా."

"పదును తగ్గింది దీనికి."

తలుపులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఇదేం గొడవరా బాబూ అని బిక్కమొహం వేసేవారు.

తీరా బయల్దేరబోతుంటే అత్తగారు కోడలి జుట్టు సర్ది, గొప్పగా ఒక మాట వదిలారు. "మొన్న చెమ్మకి నీ చీటీలన్నీ ఊడి పొట్టులో పడితే, ఏరి నేనే అంటించానమ్మా. నీకు చెప్పనే లేదు."

కోడలు చెప్పులు వేసుకోబోయి ఆగింది. "ఏది దేనికింద అంటించారు అత్తయ్యా?"

"ఏది చేతికొస్తే అది. అన్నీ నీ చీటీలేగా?"

"నీ చేతికి కళ్లద్దాలు పెట్టాల్సింది," అన్నారు మామగారు, చెక్కను చిత్రిక పట్టడం ఆపకుండా.

పుస్తకం ఏనాడో మూసేసి ఆ చీటీలనే నమ్ముకుని వల్లెవేసిందామె. ఇప్పుడు ఏ పేరుకు ఏ అర్థమో, అంతా కలగాపులగం. పుస్తకం తిరగేసే వేళా లేదు.

పరీక్ష గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కిర్రుమనే పంకా. పరీక్షించే మేడమ్ ఒక కాగితం ముందుకు జరిపారు.

*వాన వెలిసిన వీధి*
*కడిగిన పలకలా ఉంది.*
*ఎండ సుద్దముక్క.*

"ఇందులో అలంకారాలు చెప్పండి."

కోడలు మనసులో పేర్ల కోసం వెతుక్కుంది. ఉలి కనిపించింది, రంపం కనిపించింది. వాటికింద చీటీలు మాత్రం గాలికి ఎగిరిపోతున్నాయి. ఇక లాభం లేదని పేర్లను వదిలేసి, కొట్టులోకి కొత్త చెక్క వస్తే అటూ ఇటూ తిప్పి చూసినట్టు ఆ మూడు పాదాలనూ చూసింది.

"మేడమ్, పేర్లు మా ఇంట్లో తారుమారయ్యాయి. లోపల ఏం పని జరిగిందో చెప్పనా?"

"చెప్పండి, చూద్దాం."

"వీధినీ పలకనీ పక్కపక్కన పెట్టి, 'లా' అని మేకు కొట్టారండీ. మేకు పైకే కనిపిస్తోంది. రెండూ వేరేవని తెలుస్తూనే ఉంది. ఎండకి మాత్రం మేకు లేదు. ఎండే సుద్దముక్క. చెక్కలో చెక్క దూర్చిన అతుకన్నమాట. ఎక్కడ కలిసిందో కనబడదు."

మేడమ్ కలం కింద పెట్టారు. "మేకున్నది ఉపమ. లేనిది రూపకం. ఏదీ, మీ సొంతంగా చెరొకటి చెప్పండి."

"మా మావయ్య కోపం పొట్టులా ఎగిరిపోతుంది. ఇది ఉపమ. మా అత్తయ్య కోపం బంక. ఇది రూపకం."

మేడమ్ పకపకా నవ్వారు. "మరి ఈ కవిత స్వరం ఎలా ఉంది?"

"బడి తెరిచిన రోజు పొద్దుటి హుషారండీ. పలకా, సుద్దా రెండూ సిద్ధం. రాయడమే ఆలస్యం."

మేడమ్ సంతకం పెట్టేశారు. "పిల్లలకీ ఇలాగే చెప్పండి. చీటీలు మాత్రం మీరే అంటించుకోండి."

ఇంటికొచ్చేసరికి మామగారు గడప దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఊఁ?"

"గట్టెక్కాను మావయ్యా."

ఆయన చీపురు అందుకుని, వేళ కాకపోయినా కొట్టంతా తనే ఊడ్చారు.

"అంతా నా చేతి చలవే," అన్నారు అత్తగారు.

"అవునత్తయ్యా," అంది కోడలు. అందులో అబద్ధమేమీ లేదు.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మామగారి మోచేతికి ఒక చీటీ అంటుకుని ఉంది. తీసి చూశారు. 'స్వరం' అని ఉంది. దాన్ని కోడలి కంచం పక్కన పెట్టారు. అత్తగారు అడక్కుండానే ఆమెకు మరో గరిటె వడ్డించారు.