రింగుల జుట్టోళ్ళం

ఆ ఆదివారం పొద్దున హిమజ తలస్నానం చేసి, నూనె చుక్క పెట్టకుండా, జడ వేసుకోకుండా ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఇరవై మూడేళ్ళలో అలా రావడం అదే మొదటిసారి. పార్లర్ వాళ్ళే అలా రమ్మన్నారు. హబ్సిగూడ మెయిన్ రోడ్డు మీద, రెండో అంతస్తులో ఉంది ఆ పార్లర్. పది గంటలకు వస్తే ఒంటిగంటకల్లా జుట్టంతా గీత గీసినట్టు తిన్నగా చేసి పంపిస్తామన్నారు.

అది 2013 మార్చి. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీలో హిమజ కంప్యూటర్ ఆపరేటర్. ఆ మధ్యాహ్నమే కంపెనీ ఇరవై ఐదేళ్ళ పండుగ. ఉప్పల్లో ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఫొటోలన్నీ ఫేస్‌బుక్‌లో పెడతామని హెచ్‌ఆర్‌లో పనిచేసే రాజశ్రీ నెల ముందు నుంచే అందరికీ చెబుతోంది. అప్పటి నుంచి ఆఫీసులో ఆడవాళ్ళకు వేరే మాట లేదు.

హిమజకు ఫేస్‌బుక్ అంటే ఇష్టమూ ఉంది, దిగులూ ఉంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని అందరి ఫొటోలూ చూసేది. ఎవరి ప్రొఫైల్ తీసినా జుట్టు ఒక్కలాగే ఉండేది. నున్నగా, ఒక్క వెంట్రుక కూడా పక్కకు పోకుండా, భుజాల మీదికి జారుతూ. తన ప్రొఫైల్‌లో మాత్రం ఒక బంతిపువ్వు బొమ్మ పెట్టుకుంది. ఆమెది స్ప్రింగుల్లా చుట్టలు తిరిగే జుట్టు. తల్లి శ్యామలమ్మ రోజూ పొద్దున్నే కొబ్బరినూనె పట్టించి, దువ్వెనతో అణిచి అణిచి, కణతలు లాగేలా జడ అల్లి పంపేది.

షేర్ ఆటోలో హబ్సిగూడ చేరేసరికి పని సగం పాడయింది. మెట్రో స్తంభాల కోసం తవ్విన రోడ్డు మీద దుమ్ము, ఎండ, గాలి. తడి జుట్టు దారిలోనే ఆరిపోయి, ఒక్కో పాయా విడిపోయి, తల చుట్టూ గొడుగు విప్పినట్టు లేచింది. మెట్లెక్కి పార్లర్లోకి వెళితే లోపల చీకటి.

"కరెంటు పోయిందక్కా," అంది అక్కడి అమ్మాయి. "రెండు దాటితే గానీ రాదంట. జనరేటర్ కూడ ఖరాబైంది. జర కూసో."

హిమజ కూర్చుంది. ముందే వస్తుందేమోనని పన్నెండున్నర దాకా కూర్చుంది. అద్దంలో చూసుకోలేక దువ్వెన అడిగి తీసుకుని దువ్వింది. పొడిజుట్టు దువ్వితే రెండింతలయింది. రబ్బరు బ్యాండు పెడితే టప్పున తెగింది. అప్పుడే రాజశ్రీ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు హిమజా? ఎండీ గారు వచ్చేశారు. బహుమతుల లిస్టు నీ దగ్గరే ఉండిపోయింది."

ఇంటికెళ్ళి జడ వేసుకుని రావడానికి సమయం లేదు. చున్నీ తలమీద కప్పుకుని ఉప్పల్ వైపు ఆటో ఎక్కింది. హాల్లోకి వెళ్ళగానే చున్నీ జారిపోయింది. మూడు వందల మంది తనవైపే చూస్తున్నట్టనిపించింది. రాజశ్రీ ఆమె చేతిలోని లిస్టు తీసుకుని, తలవైపు చూసి, "నీ జుట్టు ఇంత ఉంటుందా?" అంది. అందులో వెటకారం లేదు. కానీ హిమజ అది గమనించే స్థితిలో లేదు. గ్రూపు ఫొటోలో వెనక్కి పోదామనుకుంటే రాజశ్రీయే చేయి పట్టుకుని మధ్యలో నిలబెట్టింది.

సాయంత్రానికి ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో ఉంది. కింద మొదటి వ్యాఖ్య స్టోర్స్‌లో పనిచేసే రమేష్‌ది: "మధ్యల ఉన్న మేడమ్‌కు కరెంటు షాక్ కొట్టిందా?" ఇంకొకతను రాశాడు: "నేను వెనకాలే ఉన్న, ఎవరికన్నా కనబడుతున్ననా?" ఫొటోకన్నా ఆ రెండు మాటలకే ఎక్కువ లైకులు వచ్చాయి.

మర్నాడు హిమజ గట్టిగా జడ బిగించుకుని, ఆఫీసుకు పోగానే రాజశ్రీ టేబుల్ దగ్గర నిలబడింది.

"మేడమ్, ఆ ఫొటో తీసేయండి."

"తీసేస్తాను. వాళ్ళలా రాస్తారనుకోలేదు, తప్పు నాదే," అంది రాజశ్రీ. "కానీ నువ్వు చివరిదాకా చదివావా?"

చదవలేదు. రాజశ్రీ కంప్యూటర్ ఇటు తిప్పింది. అన్నిటికన్నా కింద ఆమని అనే ఎవరో రాశారు: "మధ్యలో ఉన్న అమ్మాయి ఎవరండీ? జుట్టుకు ఏం వాడతారో కాస్త అడిగి చెబుతారా?"

"ఈమె సుత ఎక్కిరిస్తున్నది," అంది హిమజ.

"కాదు. నాకు తెలిసిన అమ్మాయే. రామంతాపూర్లో టీచర్. తనదీ నీలాంటి జుట్టే. నాలుగేళ్ళుగా తిన్నగా చేయించుకుంటోంది. ఇప్పుడు దువ్వితే చాలు, ముక్కలు ముక్కలుగా విరిగి వస్తోందట."

ఆ మధ్యాహ్నం హిమజ టిఫిన్ డబ్బా మూత తీయలేదు. బంతిపువ్వు బొమ్మ వెనక నుంచే ఆమనికి రాసింది: "నేను ఏమీ వాడలేదండీ. కరెంటు పోయింది, అంతే."

ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆమని నవ్వింది, సారీ చెప్పింది, ఆ వెంటనే పది ప్రశ్నలు అడిగింది. వారం తిరిగేసరికి ఇద్దరూ రోజుకు యాభై మెసేజీలు పంపుకునే దాకా వచ్చారు. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఇలాంటి జుట్టున్న ఆడవాళ్ళు గ్రూపులు పెట్టుకుని మాట్లాడుకుంటారని ఆమని కనిపెట్టింది. ఆరిన జుట్టును దువ్వకూడదట. తడి మీదే వేళ్ళతో చిక్కు తీయాలట. అవిసె గింజలు ఉడకబెట్టి, వచ్చిన జిగురును పాయపాయకూ పట్టించి ఆరనివ్వాలట.

హిమజ శనివారం పొద్దున పొయ్యిమీద అవిసె గింజలు పెట్టింది.

"గిదేంది, గంజి లెక్క సాగుతున్నది," అంది శ్యామలమ్మ గిన్నెలోకి తొంగిచూసి. "తింటవా ఏంది?"

"తలకు పెట్టుకుంటనే అమ్మా."

శ్యామలమ్మ కూతురి జడ కోసం దువ్వెన పట్టుకుని నిలబడి, కాసేపు చూసి, దాన్ని గూట్లో పెట్టేసింది.

జుట్టు ఆరడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ హిమజ అద్దం ముందు నుంచి కదల్లేదు. ఒక్కో పాయా మెల్లగా తనంతట తాను చుట్టుకుంటోంది. గొడుగులా లేవలేదు, చెదరలేదు. వేలితో లాగి వదిలితే మళ్ళీ గిరుక్కున వెనక్కి పోయి కూర్చుంటోంది. ఫోన్ తీసి, కిటికీ వెలుగులో ఫొటో తీసుకుని, బంతిపువ్వు తీసేసి అక్కడ తన ముఖం పెట్టింది. పెట్టాక భయమేసి ఫోన్ దిండు కింద దాచి, మళ్ళీ నిమిషంలో తీసింది.

అలా మొదలయింది గ్రూపు. పేరు పెట్టింది హిమజే: రింగుల జుట్టోళ్ళం. మొదట ఇద్దరు. నాలుగో రోజుకు పంతొమ్మిది. మూడు వారాలకు నూట నలభై. చెంగిచెర్ల నుంచి ఒకరు, హబ్సిగూడ హాస్టళ్ళ నుంచి గుంపుగా, పేరు కూడా వినని ఊళ్ళ నుంచి ఇంకెవరో. "నా ఒక్కదానికే ఇట్లున్నదనుకున్న" అని రాసేవాళ్ళు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివిందో హిమజకే లెక్క లేదు. ఆఫీసులో పది నిమిషాలకొకసారి తెరిచి చూసేది. కొత్త పేరు కనబడితే కుర్చీలో కుదురుగా ఉండలేకపోయేది.

అందరం ఒకసారి కలుద్దాం అంది ఆమని. ఎక్కడ అని నాలుగు రోజులు చర్చ నడిచింది. హిమజ ఆగలేక "మా మిద్దె మీద" అని రాసేసింది. ఇంట్లో చెప్పింది ఆ తరవాతే.

"ఎవ్వరో ఏమో తెల్వదు, జుట్లు ఇరబోసుకొని మిద్దెలెక్కుతరా?" అంది శ్యామలమ్మ. "వాడకట్టోళ్ళు ఏమనుకుంటరు?"

తండ్రి పోశయ్య ముప్పై ఏళ్ళుగా నాచారంలోనే లేతు మిషను మీద పనిచేస్తున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. "రానియ్యి. మనింటికి ఇంతమంది ఎప్పుడొచ్చిన్రు," అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం టెంట్‌హౌస్ నుంచి ఇరవై కుర్చీలు తానే మోసుకొచ్చి, మిద్దె మీద నీడపడే వైపు వరసగా వేశాడు.

నాలుగు గంటలకు రమ్మన్నారు. నాలుగుంబావుకు మిద్దె మీద హిమజ ఒక్కతే, ఇరవై ఖాళీ కుర్చీలు. నూట నలభై మందిలో ఒక్కరూ రారేమో అనుకుంది. ఫోన్లో మనుషులు ఫోన్లోనే ఉంటారేమో అనుకుంది. పిట్టగోడ మీంచి వంగి చూస్తే సందు మలుపులో ఒకమ్మాయి దారి అడుగుతోంది. మగపిల్లల్లా కత్తిరించిన జుట్టు. మెట్లెక్కి వచ్చి, "నేనేనండీ, ఆమనిని," అంది. తిన్నగా చేయించిన జుట్టంతా రెండు రోజుల కింద కత్తిరించేసుకుందట. నెత్తిమీద రెండంగుళాల మేర కొత్త రింగులు మాత్రం మిగిలాయి.

"ఇంట్లో ఏడ్చారు," అంది నవ్వుతూ. "నాకైతే తల తేలిగ్గా ఉంది. ముట్టుకుని చూడండి."

హిమజ ముట్టుకుంది. ఇద్దరూ అంతకుముందు కలిసిందే లేదు, అయినా ఒకరినొకరు పట్టుకుని వదల్లేదు. ఆ తరవాత మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగలేదు. చెంగిచెర్ల నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరు స్కూటీ మీద వచ్చారు. హబ్సిగూడ హాస్టల్ పిల్లలు ఒకే ఆటోలోంచి ఐదుగురు దిగారు. బ్యాంకులో పనిచేసే యాభై ఏళ్ళ పద్మావతి గారు చేతిలో అవిసె జిగురు సీసాతో వచ్చింది. ఇరవై రెండు మంది. ఇద్దరు చాపమీద కూర్చున్నారు. ఒకేసారి అందరూ మాట్లాడుతున్నారు. ఎవరేం వాడతారు, దిండుకు ఏ గుడ్డ వేస్తారు, స్కూల్లో ఏమని పిలిచేవాళ్ళు. చివర్లో రాజశ్రీ కెమెరా మెడలో వేసుకుని మెట్ల దగ్గరే ఆగి, "నాది తిన్నని జుట్టే. నన్ను రానిస్తారా?" అంది. అందరూ కేకలేసి లోపలికి లాగారు.

ఆ హడావుడిలోనే ఒక చిన్న మాట పడింది. హాస్టల్ పిల్లల్లో తారామణి అనే అమ్మాయిది అలలు అలలుగా జారే జుట్టు. చెంగిచెర్ల అక్కాచెల్లెళ్ళలో పెద్దామె దాన్ని చూసి, "నీవి రింగులే కావు గదా. నువ్వెట్లొచ్చినవ్ మా గ్రూపుల?" అంది. తమాషాకే అంది. కొందరు నవ్వారు. తారామణి కూడా నవ్వబోయి, జుట్టు మొత్తం ఒక చేత్తో పట్టి వెనక్కి ముడేసుకుంది.

గ్రూపులో పది రోజులుగా జరుగుతున్నదీ ఇదే. ఎవరి రింగులు ఎంత చిన్నవైతే అన్ని లైకులు. తన ఫొటోకు ఎక్కువ వచ్చినందుకు హిమజ కూడా మురిసిపోయింది.

మెట్ల దగ్గర చాయ్ పళ్ళెంతో నిలబడ్డ శ్యామలమ్మ అంతా విన్నది. పళ్ళేన్ని పిట్టగోడ మీద పెట్టింది.

"నేను పెండ్లయి ఈడికొచ్చిన కొత్తల, బోరింగు కాడ నీళ్ళకు పోతే ఆడోళ్ళు నా తల జూసి నవ్విన్రు," అంది. గొంతు పెద్దది కాదు, కానీ అందరూ ఆగారు. "గొర్రె వచ్చిందన్నరు. ఆ దినం కట్టిన కొప్పు. ఇరవై ఆరేండ్లాయె. ఇంట్ల ఉన్నా ఇప్పలే. నా బిడ్డను గట్ల అనొద్దని దానికి రోజు జడ గుంజి కట్టిన. ఇప్పుడు మీరు గీ పిల్లను పక్కకు పెడ్తే, ఆ బోరింగు కాడి ఆడోళ్ళకు మీకు ఫరక్ ఏందమ్మా?"

శ్యామలమ్మ చేతులు వెనక్కి పోయాయి. ఒక పిన్ను, ఇంకో పిన్ను, నల్ల దారం. కొప్పు జారింది. నడుము దాకా, నలుపూ తెలుపూ కలిసిన రింగులు, ఒకదాని మీద ఒకటి దూకుతున్నట్టు కిందికి దిగాయి. హిమజ తన తల్లి జుట్టును అలా ఎన్నడూ చూడలేదు. తలస్నానం చేసినా తలుపు మూసుకుని ముడేసుకునే బయటికొచ్చే మనిషి.

ముందు లేచింది తారామణి. "ముట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగింది.

"ముట్టుకో బిడ్డా. కరుస్తదా."

చెంగిచెర్ల పెద్దామె వచ్చి తారామణి భుజం మీద చేయి వేసి, "తప్పయింది చెల్లె, ముడి ఇప్పు," అంది. ఇక మిద్దె మీద మళ్ళీ సందడి మొదలై ఆగలేదు. ఇరవై రెండు మంది శ్యామలమ్మ చుట్టూ మూగారు. మందారాకు ఎట్లా రుబ్బాలో, కుంకుడు రసం ఎంత పలచగా ఉండాలో, ఆమె తన తల్లి దగ్గర నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. పిల్లలు ఫోన్లలో రాసుకున్నారు. చాయ్ చల్లారిపోయింది, ఎవరికీ పట్టలేదు. రాజశ్రీ ఫొటోలు తీస్తూనే ఉంది.

సూర్యుడు దిగుతుండగా పోశయ్య కుర్చీలు లెక్క చూసుకుందామని పైకొచ్చి, భార్యను చూసి మెట్టు మీదే నిలబడిపోయాడు.

"ఏమైంది, గట్ల జూస్తవ్?" అంది శ్యామలమ్మ.

"ఏం లేదు. శానా దినాలైంది సూడక," అన్నాడు పోశయ్య, నేల చూపులు చూస్తూ. హాస్టల్ పిల్లలు ఈలలేశారు. ఆయన ఖాళీ కప్పులు రెండు పట్టుకుని గబగబా దిగిపోయాడు.

అందరూ వెళ్ళాక రాజశ్రీ కెమెరా తెరమీద ఒక ఫొటో తెచ్చి శ్యామలమ్మకు చూపించింది. శ్యామలమ్మ కళ్ళజోడు తెప్పించుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"దీన్ని ఆ ఫేస్‌బుక్కుల పెడ్తరా?"

"వద్దంటే పెట్టమే," అంది హిమజ.

"పెట్టు. ఎవ్వలు నవ్వుతరో నవ్వనియ్యి. జవాబు నేనే ఇస్త." అడగాలా వద్దా అన్నట్టు కూతురి వైపు చూసింది. "నాకు సుత ఒకటి తెరుస్తవా అండ్ల?"

హిమజ అక్కడికక్కడే నేలమీద కూర్చుని ఫోన్లో కొత్త ఖాతా తెరిచింది. పేరు దగ్గర శ్యామలమ్మ అని కొట్టబోయింది.

"అమ్మ తీసెయ్యి," అంది తల్లి, జుట్టు ముందుకు వేసుకుని వేళ్ళతో చిక్కు తీసుకుంటూ. "శ్యామల అని రాయి."